తూర్పుకి ఎన్ని, పడమరకి ఎన్ని

ఏప్రిల్ 30, సాయంత్రం

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వేమత్ ఊరు దాటగానే రోడ్డు నేరుగా సముద్రంలోకి దిగిపోతున్నట్టు ఉంటుంది. ఎడమ పక్క హార్బర్, కుడి పక్క చెసిల్ బీచ్ అనే గులకరాళ్ళ గట్టు, రెంటి మధ్య సన్నటి దారి. దారి చివర పోర్ట్‌లాండ్. పేరుకి ద్వీపమే గానీ, ఈ గట్టే దాన్ని ఇంగ్లండ్ ఒడ్డుకి కట్టేసి ఉంచింది. గట్టు పొడవు 29 కిలోమీటర్లు. పడమటి కొసన రాళ్ళు బఠాణీ గింజంత ఉంటాయి, పోర్ట్‌లాండ్ వైపు వచ్చేసరికి పిడికిలంత. చీకట్లో ఒడ్డుకి తగిలిన జాలర్లు ఒక రాయి చేతిలోకి తీసుకుని, తామెక్కడ ఉన్నదీ చెప్పేసేవాళ్ళట.

కారు నడుపుతున్నది మా బావ, అంటే అక్క భర్త. ఆయనకి పక్షులంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. నేను రైల్లో టెలిస్కోపూ ట్రైపాడూ మోసుకుంటూ తిప్పలు పడతానని అక్క పంపితే వచ్చాడు.

"ఆరు రోజులు ఒకేచోట కూర్చుని నీళ్ళు చూడ్డానికా ఇంత దూరం?" అన్నాడు.

"నీళ్ళు కాదు బావా, నీళ్ళ మీద వెళ్ళేవి."

"ఎక్కడికి వెళ్తాయి?"

"ఉత్తరానికి."

"మరి మనం దక్షిణానికి పోతున్నామేంట్రా?"

అడగాల్సిన ప్రశ్నే. ఈ పక్షుల్లో చాలావరకు చలికాలమంతా పశ్చిమ ఆఫ్రికా తీరంలోనో, ఇంకా కిందికి దక్షిణ అట్లాంటిక్‌లోనో గడుపుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టడానికి ఉత్తరానికి మళ్ళుతాయి. అట్లాంటిక్ నుంచి వచ్చేవాటిలో కొన్ని ఇంగ్లిష్ ఛానెల్‌లోకి తిరిగి, తూర్పుగా పోయి నార్త్ సీలో తేలతాయి. సముద్రపక్షికి నేల మీదుగా ఎగరడం అంటే మనసొప్పదు. పడమర వైపు లైమ్ బే అనే అఖాతం పెద్ద గిన్నెలా వంగి ఉంది, దాని తూర్పు అంచున పోర్ట్‌లాండ్ మేకులా ఛానెల్‌లోకి పొడుచుకొచ్చింది. ఆ గిన్నెలోకి వచ్చిన పక్షి చాలావరకు ఈ మేకుని చుట్టి వెళ్ళాల్సిందే. మేకు కొసని పోర్ట్‌లాండ్ బిల్ అంటారు. బిల్ అంటే ఇంగ్లిషులో పక్షి ముక్కు కూడా.

కొస మీద ఎర్ర పట్టీ వేసిన తెల్లటి లైట్‌హౌస్ ఉంది. 41 మీటర్ల ఎత్తు, 1906 నాటిది. అంతకుముందు 1716 నుంచీ ఇక్కడ పైన ఒకటి, కింద ఒకటి, రెండు దీపాలు వెలిగేవి. కొత్తది వచ్చాక వాటికి పని పోయింది. కిందిదాని భవనంలో 1961 నుంచి బర్డ్ అబ్జర్వేటరీ, అంటే పక్షుల పరిశీలన కేంద్రం, నడుస్తోంది. మా గది అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే. సామాను పడేసి కొసకి వెళ్ళేసరికి వెలుగు పోతోంది. నాలుగు గానెట్లు, తెల్లటి పెద్ద సముద్రపక్షులు, వరసగా పడమరకి పోయాయి. తొలి లెక్క అదే, అదీ తప్పు దిక్కుకి.

మే 1

తెల్లవారుజామున ఐదింటికి లేచాను. బావ లేవలేదు. గాలి ఈశాన్యం నుంచి, ఆకాశం కడిగినట్టుగా ఉంది. బయట తిరగడానికి ఇంతకంటే మంచి రోజు దొరకదు, సముద్రపక్షులకి ఇంతకంటే పనికిరాని రోజు ఉండదు. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తోస్తుంటే అవి ఎక్కడో దూరాన గీతలా పోతాయి. దక్షిణపు గాలో ఆగ్నేయపు గాలో వీచి, దాంతో పాటు కాస్త తుంపర పడితేనే ఒడ్డు పక్కకి జరుగుతాయి. పక్షుల్ని చూడాలనుకునేవాడు చెడ్డ వాతావరణం కోసం దేవుడికి మొక్కుకోవాలి.

కొసన 1844లో నిలబెట్టిన రాతి స్తంభం ఒకటుంది. ఒడ్డు నుంచి నీళ్ళ కిందికి సాగిన రాతి అరుగు గురించి ఓడలకి హెచ్చరికగా కట్టారు. దాని చాటున అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. ట్రైపాడ్లు పొట్టిగా దించి, మడత కుర్చీల్లో ఒదిగిపోయి, ఒక కన్ను మూసుకుని. ఎవరూ పలకరించలేదు. మొహమాటమేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, లెక్కపెడుతున్నవాడిని పలకరిస్తే అంకె పోతుంది.

వాళ్ళలో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు. ఆయన రెండు చేతుల్లో రెండు క్లిక్కర్లు, బొటనవేలితో నొక్కితే ఒక్కో అంకె పెరిగేవి. ఎడమ చేతిది తూర్పుకి పోయేవాటికి, కుడి చేతిది పడమరకి పోయేవాటికి. టెలిస్కోప్ కదలదు, మొహం కదలదు, బొటనవేళ్ళు మాత్రం టిక్ టిక్ మంటుంటాయి. మేం దక్షిణానికి తిరిగి కూర్చున్నాం కాబట్టి తూర్పు మా ఎడమ చేతి వైపు. ఇంత చిన్న ఏర్పాటు నాకు ఎప్పుడూ తట్టలేదే అనిపించింది.

కొత్తవాళ్ళు చేసే పొరపాటు పక్షుల కోసం వెతకడం. వెతక్కూడదు. టెలిస్కోప్‌ని 30 రెట్ల దగ్గర ఉంచి, చట్రంలో సగం నీళ్ళు, సగం ఆకాశం ఉండేలా దిగంతాన్ని పెట్టుకుని ఊరుకోవాలి. పక్షులే అందులోకి వచ్చి దాటిపోతాయి. మొదటి అరగంట ఖాళీ నీళ్ళే. కళ్ళు నీళ్ళు కారతాయి, మెడ పట్టేస్తుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి కనపడడం మొదలవుతుంది. అవి అప్పటిదాకా లేవని కాదు, నాకే కన్ను కుదరలేదు.

ఆ రోజు ఎక్కువగా కనపడినవి మాంక్స్ షియర్‌వాటర్లు. రెక్కలు కర్రల్లా బిగబట్టి అలల మీద ఒరుగుతూ పోతాయి. ఒక పక్కకి ఒరిగితే నల్లటి వీపు, రెండో పక్కకి ఒరిగితే తెల్లటి పొట్ట. వీపు కనపడినప్పుడు నీళ్ళలో కలిసిపోతుంది, పొట్ట కనపడినప్పుడు వెలుగుతుంది. కాబట్టి కిలోమీటరు దూరాన పది పోతుంటే కళ్ళకి ఐదే కనిపిస్తాయి, మళ్ళీ చూస్తే వేరే ఐదు. ఇవి చలికాలాన్ని అర్జెంటీనా తీరంలో గడిపి, వేల్స్ దగ్గరి స్కోమర్, స్కోఖామ్ దీవుల్లో బొరియల్లోకి తిరిగొస్తాయి. 1952లో స్కోఖామ్ నుంచి ఒకదాన్ని విమానంలో బోస్టన్ తీసుకెళ్ళి వదిలారు. ఐదు వేల కిలోమీటర్ల సముద్రం దాటి పన్నెండున్నర రోజుల్లో తన బొరియకి చేరింది. దాన్ని వదిలేశామని బోస్టన్ నుంచి రాసిన ఉత్తరం దాని తర్వాత అందింది.

పదింటికి బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎవరో "స్కోటర్స్" అన్నారు. అవి నల్లటి సముద్రపు బాతులు, నీళ్ళకి ఆనుకుని తాడు లాగినట్టు వెళ్తాయి.

"స్కూటర్లా?" అన్నాడు బావ.

"స్కోటర్లు బావా. ఇరవై రెండు. తూర్పుకి."

"హెల్మెట్ లేకుండానే?" అని తనే నవ్వుకున్నాడు. నలుగురూ లెక్కలో ఉన్నారు కాబట్టి ఎవరూ వెనక్కి తిరగలేదు.

మే 2

గాలి మారలేదు. కానీ ఈ రోజు ఒక దోపిడీ చూశాం.

శాండ్విచ్ టెర్న్ అనే తెల్లటి సముద్రపక్షి ఒకటి మాకు చాలా దగ్గరగా, రెండొందల మీటర్లు కూడా ఉండదు, నోట్లో వెండి పుల్లలాంటి చేపతో తూర్పుకి పోతోంది. నల్లటి ముక్కు చివర పసుపు చుక్క కూడా తెలుస్తోంది. కింద నీళ్ళకి ఆనుకుని నల్లటి పక్షి ఒకటి ఎదురుగా వచ్చింది. ఆర్కిటిక్ స్కువా. పక్కనుంచి దాటిపోతుందనుకుంటే, ఒక్కసారి పైకి లేచి టెర్న్ తోక పట్టుకున్నంత దగ్గరకి వచ్చేసింది. టెర్న్ కీచుమంటూ కుడికి తిరిగింది, స్కువా అంతకంటే లోపలి మలుపు తీసుకుంది. ఎడమకి తిరిగింది, మళ్ళీ అంతే. నిట్టనిలువుగా పైకి పోయింది, స్కువా దాని నీడలా వెంటే పోయింది. మూడో మలుపులో చేప జారింది. చేప గాల్లో తిరుగుతూ మెరవడం, స్కువా రెక్కలు ముడిచి దూకడం, నీటికి అడుగు పైన నోట పట్టడం, అంతా ఒకే ఊపులో. మొత్తం ఇరవై సెకన్లుంటుంది. టెర్న్ ఏమీ జరగనట్టు తన దారిన తూర్పుకి పోయింది.

"దొంగ వెధవ," అన్నాడు బావ. అప్పటిదాకా బైనాక్యులర్స్ ముట్టనివాడు, నా మెడలోంచి లాక్కున్నాడు.

నేను ఇక్కడికి వచ్చింది అసలు దీని పెద్దన్న కోసం. పామరైన్ స్కువా. ఇక్కడ అందరూ ముద్దుగా పామ్ అంటారు. ఇంగ్లండ్‌లో గూడు పెట్టదు, ఆర్కిటిక్ టండ్రాలో పెడుతుంది. అక్కడి లెమ్మింగ్ ఎలుకలు లేని ఏడు గూడే పెట్టదు. మే నెల మొదటి పక్షంలో కొద్ది రోజులపాటు ఛానెల్ వెంట గుంపులుగా పోతుంది. తోక మధ్యలోని రెండు ఈకలు పొడుగ్గా సాగి, చివర మెలితిరిగి, చెంచాల్లా ఉంటాయి. ఆ చెంచాల కోసం జనం సెలవులు పెట్టుకుని వస్తారు. నేనూ పెట్టుకునే వచ్చాను.

దోపిడీ అయిన గంటకి దూరాన ముదురు రంగు స్కువా ఒకటి ఒంటరిగా కనపడింది. ఛాతీ బరువుగా ఉంది. నాకు ఆగలేదు. "పామ్!" అని గట్టిగా అరిచాను.

బావ కుర్చీలోంచి రెండు కాళ్ళూ పైకెత్తేశాడు.

టెలిస్కోపులన్నీ అటు తిరిగాయి. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. పెద్దాయన నెమ్మదిగా, "తోక చూశావా?" అన్నారు.

"లేదు. కానీ బరువుగా అనిపించింది."

"ఒంటరిగా పోయే ప్రతి స్కువా బరువుగానే అనిపిస్తుంది," అన్నారాయన. మందలింపు లేదు, అనుభవంతో చెప్పిన మాట. పక్షి ఇంకాస్త దగ్గరికి వచ్చింది. తోకలో రెండు సూదులున్నాయి, చెంచాల్లేవు. మామూలు ఆర్కిటిక్ స్కువా. నా నోట్‌బుక్‌లో అప్పటికే రాసేసిన మాట కొట్టేశాను. చెవులు వేడెక్కాయి.

సాయంత్రం ఆయన తన నోట్‌బుక్ చూపించారు. అందులో ఒక గడి పేరు "కామిక్". అది తమాషా కాదు. కామన్ టెర్న్, ఆర్కిటిక్ టెర్న్ అని రెండున్నాయి, దూరం నుంచి కవలల్లా ఉంటాయి. దగ్గరగా పోతే చెప్పొచ్చు: కామన్ ముక్కు చివర నలుపు, ఆర్కిటిక్ ముక్కు ముదురు ఎరుపు, వెలుతురుకి ఎదురుగా చూస్తే ఆర్కిటిక్ రెక్క చివరి ఈకలు పల్చటి కాగితంలా వెలుగుని లోపలినుంచి పోనిస్తాయి. కిలోమీటరు దూరాన ఇవేవీ కనపడవు. అలాంటప్పుడు రెండు పేర్లూ కలిపి కామిక్ అని రాసేస్తారు. ఆ పేజీలో ఆర్కిటిక్ టెర్న్ 3, కామన్ టెర్న్ 11, కామిక్ 96.

ఏడాదికి 70,000 కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ నుంచి అంటార్కిటిక్ దాకా పోయి వచ్చే పక్షి ఆర్కిటిక్ టెర్న్. అంత దూరం వెళ్ళొచ్చే పక్షి కళ్ళ ముందునుంచి దాటిపోతే, పేరు చెప్పలేకపోయానని ఒప్పుకుని గడిలో రాయడానికి ఎంత నిబ్బరం కావాలో నాకు ఆ పూట తెలిసింది. నాకైతే తొంభై ఆరింటిలో సగం ఆర్కిటిక్ అని రాసేసుకోవాలనిపించేది.

మే 3

పొగమంచు. స్తంభం దగ్గర నిలబడితే లైట్‌హౌస్ కనపడలేదు. పక్షుల అరుపులు వినిపించాయి, పక్షులు లేవు. పూటంతా పడుకున్నాం. రాత్రి బావ ఫోన్లో గాలి మ్యాప్ చూసి, "ఆగ్నేయం నుంచి వస్తోందిరా, తుంపర కూడా ఉందట," అన్నాడు. తనంతట తానే చూశాడు.

మే 4

నాలుగున్నరకే ఇద్దరం లేచాం. గాలి మొహానికి తగులుతోంది, సన్నటి తుంపర. స్తంభం చాటు పనికిరాలేదు, గాలి సూటిగా దానిమీదికే. ఒక గోడ పక్కకి జరిగాం. పన్నెండు మంది ఉన్నారు, ఎవరికి ఎవరు చెప్పారో.

మొదటి గంటలోనే సముద్రం రద్దీగా మారింది. బార్ టెయిల్డ్ గాడ్విట్లు ఇటుక రంగు పొట్టలతో ముప్ఫైకి పైగా ఒకే గుంపు. వెనకాలే పొడుగు వంపు ముక్కు వింబ్రెల్స్, ఏడు స్వరాల ఈల వేస్తూ. కామిక్ టెర్న్‌లు పదులకొద్దీ. రెడ్ థ్రోటెడ్ డైవర్ అనే నీటిపక్షి ఒకటి మెడ చాచి, వీపు వంచి. పెద్దాయన ఎడమ బొటనవేలు ఆగడం లేదు.

ఆరు గంటల నలభైకి నా టెలిస్కోప్ అద్దం మీద తుంపర పేరుకుని అంతా పాలలా అయిపోయింది. చొక్కా అంచుతో తుడిస్తే ఇంకా మసకబారింది. కారులో పొడి గుడ్డ ఉందని గుర్తొచ్చి పరిగెత్తాను. కారు తలుపు తీశానో లేదో, వెనకనుంచి బావ గొంతు, గాలిని చీల్చుకుంటూ:

"ఒరేయ్, పాములురా! పాములు!"

పోర్ట్‌లాండ్ బిల్ మీద ఆ మాట అర్థమైంది నాకొక్కడికే. గుడ్డ అక్కడే పడేసి పరిగెత్తాను. నేను చేరేసరికి ఐదు నల్లటి చుక్కలు తూర్పున మంచులోకి కలిసిపోతున్నాయి. తోకలా, చెంచాలా, ఏమీ లేదు.

"నువ్వు చూశావా?" అన్నాను ఊపిరి తిరగక.

"బాగా చూశా. వెనకాల గరిటెలు పెట్టుకున్నట్టు ఉన్నాయి." ఆయన మొహంలో సంతోషం దాగడం లేదు. నాకు ఏడుపొచ్చింది. నా నోట్‌బుక్‌లో ఆ ఐదూ రాసుకోవాలా వద్దా అని ఐదు నిమిషాలు మథనపడి, "పామ్ 5 (బావ)" అని రాశాను.

ఆ తర్వాత కళ్ళు తీయలేదు. ఏడుం ముప్పావుకి పడమట నీళ్ళకి కాస్త ఎత్తున ఏవో ఏడు, గుంపుగా, తొందర లేకుండా. మొదట మామూలు గల్ పక్షులు అనుకున్నాను. రెక్క ఊపులో ఏదో బరువుంది. ఈసారి నోరు మూసుకున్నాను. ఎవరో నెమ్మదిగా "పామ్స్," అన్నారు.

నేరుగా మా ముందుకే వచ్చాయి. నాలుగొందల మీటర్లు, తర్వాత మూడొందలు. ముందున్నది లేత రంగుది: తల మీద నల్ల టోపీ, చెంపల మీద తేనె పసుపు, ఛాతీకి అడ్డంగా మసకపట్టీ. పీపాలాంటి ఛాతీ. ఇక తోక. చూడకముందు చెంచా అంటే అలంకారంగా ఊహించుకున్నాను. నిజానికి అది కాస్త వికారంగానే ఉంది, ఎవరో రెండు గరిటెలు తోకకి కట్టి మరిచిపోయినట్టు. ఎగురుతుంటే ఆ గరిటెలు సన్నగా వణుకుతున్నాయి. ఒకటి మాత్రం పూర్తిగా ముదురు గోధుమరంగులో ఉంది, దాని తోకలో ఒకటే చెంచా, రెండోది విరిగిపోయింది. మా ముందుకి వచ్చాక వెనకనున్న రెండు ముందుకి వచ్చాయి, ముందున్నది వెనక్కి జారింది. తలలు తిప్పలేదు. మేం పన్నెండుమందిమి ఉన్నామని వాటికి పట్టినట్టే లేదు.

రెండు నిమిషాలు. తర్వాత తూర్పు.

కాసేపు ఎవరి దగ్గరా మాట లేదు. పెద్దాయన ఎడమ క్లిక్కర్ ఏడుసార్లు నొక్కడం వినిపించింది.

మే 5

గాలి మళ్ళీ తిరిగింది. ఆఖరి రోజు. మధ్యాహ్నం బయల్దేరాలి కాబట్టి పదింటిదాకే కూర్చున్నాం.

ఎనిమిదికి గ్రేట్ స్కువా ఒకటి దాటింది. స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల జనం దీన్ని బాంక్సీ అంటారు, ఇక్కడా అదే పేరు. గోధుమరంగు ఒళ్ళు, రెక్క ఊపినప్పుడల్లా తెల్లటి మెరుపు. ఒకే ఒక్కటి. కానీ అందరూ టెలిస్కోపుల్లోంచి తలలెత్తి మామూలు కళ్ళతో కూడా చూశారు. 2021, 2022ల్లో బర్డ్ ఫ్లూ దీని గూళ్ళ మీద పడింది. ఆ తర్వాత బ్రిటన్‌లో లెక్కవేస్తే పాత సంఖ్యలో 76 శాతం తగ్గిపోయాయని తేలింది. ప్రపంచంలోని బాంక్సీల్లో సగానికి పైగా ఉండేవి బ్రిటన్‌లోనే. గానెట్లు కూడా చాలా చచ్చిపోయాయి. బతికి బయటపడ్డ గానెట్లలో కొన్నిటికి లేత నీలం కళ్ళు నల్లబడ్డాయి. ఆ మాట తెలిసినప్పటినుంచి దగ్గరగా పోయే ప్రతి గానెట్ కన్ను చూద్దామని ప్రయత్నిస్తాను. ఈ ఆరు రోజుల్లో ఒక్కదాని కన్నూ చూడగలిగేంత దగ్గరికి రాలేదు.

తొమ్మిదింటికి దిగంతం దగ్గర ఇంకో స్కువా. పెద్దదే. ఒంటరిగా, వెలుతురుకి ఎదురుగా, మొత్తం నల్లగా. నేను చూశాను, బావ చూశాడు, పెద్దాయన చాలాసేపు చూశారు. దాని వెంట టెలిస్కోప్ తిప్పుతూ తిప్పుతూ, పూర్తిగా మాయమైపోయాక తల ఎత్తారు.

"మీకేమనిపించింది?" అన్నాను.

"పామ్ అనిపించింది," అన్నారు. నోట్‌బుక్‌లో మాత్రం "స్కువా, ఏదో తెలియదు, 1, తూర్పు" అని రాశారు.

"ఈయనే అలా అనిపించిందని చెప్పాడుగా, రాసుకోవచ్చు కదరా?" అని బావ తెలుగులో నన్నడిగాడు. నేను సమాధానం చెప్పబోతుండగా తనే, "తోక చూడలేదులే," అన్నాడు.

తిరుగు దారిలో, ద్వీపం దాటి గట్టు చివరికి వచ్చేసరికి, ఫెర్రీబ్రిడ్జ్ దగ్గర బావ కారు ఆపాడు. గులకరాళ్ళ మీద లిటిల్ టెర్న్ గూళ్ళ కోసం కంచె కట్టి ఉంటుందని, ఏటా కాపలా ఉంటారని నిన్న ఎవరో చెప్పారట. ఇంగ్లండ్ నైరుతి భాగంలో అవి గూడు పెట్టే చోటు ఇదొక్కటే. ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి అవీ ఇప్పుడే వస్తున్నాయి.

కాలవ మీద మాకు ఇరవై మీటర్ల దూరంలో ఒకటి గాలిలోనే నిలబడి రెక్కలు కొట్టుకుంటోంది. అరవై గ్రాములు కూడా ఉండదు. తల వంచి కిందికి చూస్తోంది. చటుక్కున పడింది, చుక్క నీళ్ళు లేచాయి, వట్టి ముక్కుతో పైకొచ్చింది. మళ్ళీ నిలబడింది.

"ముక్కు పసుపు. చివర నలుపు. నుదురు తెలుపు," అన్నాడు బావ, ఒక్కోటీ వేలు మడుస్తూ. "ఇది కామిక్ కాదు. రాసుకో."

"ఎటు పోతోంది అని రాయాలి బావా?"

"ఎటూ పోవట్లేదు. ఉండు," అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని రాళ్ళ మీద కూర్చున్నాడు.